చచ్చిన గుర్రం తోకకి కూడా పైసలిచ్చిన రాజు: లాడం, జీను, రికాబుల కథ

ఈసారి టాపిక్ వినగానే కొంతమంది నవ్వుతారు, నాకు తెలుసు. గోదావరిఖనిలో కూర్చుని గుర్రం సామాన్ల గురించి మాట్లాడటం ఏంటి, ఇక్కడ బొగ్గు తప్ప ఏముంది అంటారు. నిజమే. మన రామగుండం, గోదావరిఖని, మంథని వైపు గుర్రం కనబడేది పెళ్లి బరాత్‌లో. అంతకు మించి ఎక్కడైనా కనిపిస్తే మనమే ఆగి ఫొటో తీసుకుంటాం.

కానీ ఇంటర్నెట్‌లో "గుర్రపు స్వారీకి కొనాల్సిన బెస్ట్ ఐటమ్స్" అని వీడియోలు మస్తు ఉన్నాయి. అన్నిట్లోనూ అవే: హెల్మెట్, బూట్లు, జీను, బ్రష్షులు, లింక్ డిస్క్రిప్షన్‌లో. నేను అదే లిస్టు తీసుకుని చరిత్రలోకి పోదామనుకున్నా. మన తెలుగు రాజులు గుర్రాల మీద బంగారం కుమ్మరించారు. ఎంతలా అంటే, సముద్రంలో దారిలోనే చచ్చిపోయిన గుర్రం తోక తెచ్చి చూపించినా పూర్తి ధర ఇచ్చిన రాజు ఉన్నాడు. ఇది పుక్కిటి పురాణం కాదు, రాసిపెట్టిన మాట. ఆ రాజు దగ్గరికి వద్దాం. ముందు అసలు ప్రశ్న: అంత పెట్టి కొన్న గుర్రాలు ఏమయ్యాయి? ఎందుకు ప్రతి ఏడాదీ మళ్లీ కొనాల్సి వచ్చింది?

మోటుపల్లి నుంచి మొదలుపెడదాం. ఇప్పుడు బాపట్ల జిల్లాలో, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. 13వ శతాబ్దంలో కాకతీయుల పెద్ద రేవు అది. మన ఓరుగల్లు రాజ్యానికి సముద్రం తలుపు అన్నమాట. 1244-45లో గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. అభయ శాసనం అంటారు దాన్ని. స్కూల్లో మనం "కాకతీయులు వర్తకాన్ని ప్రోత్సహించారు" అని ఒక లైన్ బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకున్నాం కదా, దాని వెనకున్నది ఈ రాయే.

అందులో విషయం ఏంటంటే, అప్పటిదాకా తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులో ఉన్న సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అని శాసనమే పేర్లు చెబుతుంది. ఇక మీదట మేము అట్లా చేయం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం, మిగతాదంతా మీదే అని గణపతిదేవుడు మాటిచ్చాడు. ప్రాణం కంటే సంపద ఎక్కువ అనుకుని సముద్రం దాటి వచ్చే వాళ్ల కష్టం చూసి ఈ దయ అంటాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. అంటే మూడు శాతం చిల్లర. ఇప్పటి జీఎస్టీ కట్టే వాళ్లు ఇక్కడ ఒక నిమిషం మౌనం పాటించొచ్చు.

ఆ లిస్టులో గుర్రాలు ఉన్నాయి చూశారా. మన దక్కన్‌లో మంచి యుద్ధ గుర్రాలు పెద్దగా పుట్టవు. వేడి, తేమ, మేపడానికి తగిన గడ్డి భూములు తక్కువ. అందుకే అరేబియా, పర్షియా వైపు నుంచి ఓడల్లో రావాలి. వారాల తరబడి సముద్రం మీద, ఇరుకు చోట, మంచినీళ్లు కొలిచి పోస్తూ. కొన్ని దారిలోనే పోతాయి. వచ్చినవాటి ధర ఆకాశంలో ఉంటుంది.

ఇక మార్కో పోలో. వెనిస్ నుంచి చైనా దాకా వెళ్లి, తిరుగు ప్రయాణంలో 1292 ప్రాంతంలో మన దక్షిణాది తీరం చూశాడు. మోటుపల్లిని "ముత్ఫిలి" అని రాశాడు. అక్కడ ఒక రాణి బాగా పాలించిందని, వజ్రాలు, సన్నటి బట్టలు దొరుకుతాయని చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవే అని చరిత్రకారులు చెబుతారు. అయితే గుర్రాల గురించి ఆయన వివరంగా రాసింది మోటుపల్లి దగ్గర కాదు, ఇంకా కిందికి, తమిళ తీరంలో పాండ్యుల రాజ్యం దగ్గర. ఈ తేడా గుర్తుంచుకోండి. యూట్యూబ్‌లో చాలా మంది ఈ రెండూ కలిపేస్తారు. అయినా ఓడలు నడిచింది ఒకే సముద్రం మీద, వాతావరణం దాదాపు ఒకటే, కాబట్టి ఆయన మాట మనకీ పనికొస్తుంది.

ఆయన లెక్క ఇది. అక్కడ అన్నదమ్ములు ఐదుగురు రాజులు. ఒక్కొక్కరూ ఏడాదికి 2,000కు పైగా గుర్రాలు కొనాలని చూస్తారు. ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవు. ఎందుకంటే, వాటిని ఎట్లా చూసుకోవాలో వాళ్లకి తెలియదట, లాడాలు కొట్టి వైద్యం చేసే వాళ్లు లేరట. అసలు పాయింట్ తర్వాత వస్తుంది. గుర్రాలు అమ్మే వర్తకులు అట్లాంటి పనివాళ్లని తమతో తీసుకురారు. అంతే కాదు, వేరే ఎవరైనా పోతామన్నా పోనివ్వరు. పనివాడు వెళ్తే గుర్రాలు బతుకుతాయి, గుర్రాలు బతికితే వచ్చే ఏడాది బేరం పోతుంది.

నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పని చేసి వచ్చినోణ్ని. ఇది చదవగానే నాకు నవ్వొచ్చింది. ప్రింటర్ చవగ్గా అమ్మి ఇంకులో పిండుకోవడం, ఫోన్ అమ్మి బ్యాటరీ మార్చుకోనివ్వకుండా అతికించేయడం, ఇవన్నీ మన కాలం తెలివితేటలు అనుకున్నా. 700 ఏళ్ల కిందే హొర్ముజ్ సేట్లు చేసి చూపించారు. సరుకు ఇస్తారు, సర్వీసు ఇవ్వరు.

అయితే మార్కో పోలో చెప్పిన "వీళ్లకి ఏమీ తెలియదు" అనే మాట ఉన్నదున్నట్టు మింగేయక్కర్లేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడు అనే ఉద్యోగికి ఒక అధ్యాయమే ఉంది. ఏ గుర్రానికి ఎంత దాణా, ఎన్నిసార్లు స్నానం, అన్నీ లెక్కలే. వైద్యం తప్పుగా చేసి రోగం ముదిరితే ఖర్చుకి రెట్టింపు జరిమానా. గుర్రానికే ముప్పు వస్తే దాని ఖరీదు కట్టాలి. శాలిహోత్రుడి పేరు మీద అశ్వవైద్యం ఒక పెద్ద సంప్రదాయంగా నడిచింది. ఉత్తరాదిలో గుర్రాల వైద్యుణ్ని సలోత్రి అనడం దాన్నుంచే వచ్చింది. నకులుడి పేరుతో ఉన్న అశ్వశాస్త్రం బొమ్మల ప్రతి తంజావూరు సరస్వతీ మహల్ లైబ్రరీలో ఉంది. తెలుగులో కూడా మనుమంచి భట్టు అనే కవి గుర్రాల లక్షణాల మీద పద్యాల్లో గ్రంథమే రాశాడు. కాకతీయుల కొలువులో సాహిణి అనే పదవి ఉంది, అంటే ఏనుగుల దళానికో గుర్రాల దళానికో అధికారి. నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని గణపతిదేవుడి దగ్గర గజసాహిణి.

మరి పుస్తకాలున్నాయి, పదవులున్నాయి, గుర్రాలు ఎందుకు చచ్చాయి? నా అభిప్రాయం చెప్తా, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం కొనేవాడి కోసం రాసినవి. సుడి ఎక్కడుంటే రాజుకి మంచిది, ఏ రంగు గుర్రం శుభం, ఏది అరిష్టం. బైక్ కొనేటప్పుడు నంబర్ కలిపితే తొమ్మిది వస్తుందా అని చూసుకుని, ఇంజన్ ఆయిల్ మార్చడం మర్చిపోయే వాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు కదా, గట్ల. పొద్దున్నే గిట్ట ఎత్తి రాయి ఇరుక్కుందేమో చూసేవాడికి ఆ పద్యం అక్కర్లేదు. వాడికి కావాల్సింది చెయ్యి పట్టి నేర్పే గురువు. ఆ గురువునే వర్తకులు ఓడ ఎక్కనివ్వలేదు.

తిండి సంగతి కూడా చూడండి. ఆ తీరంలో గుర్రాలకి ఉడికించిన మాంసం, అన్నం పెడతారని మార్కో పోలో రాశాడు. గుర్రం గడ్డి తినే జంతువు. దాని కడుపు చిన్నది, పేగు మస్తు పొడుగు, రోజంతా కొంచెం కొంచెం మేయాలి. పైగా గుర్రం కక్కలేదు. పడని తిండి లోపలికి పోతే బయటికి వచ్చే దారి ఉండదు. కడుపు శూలతో పడి కొట్టుకుని చచ్చిపోతుంది. ఇప్పటికీ గుర్రాల ప్రాణం తీసే జబ్బుల్లో అది ముందుంటుంది.

దీనికి మన దక్కన్ కనుక్కున్న సమాధానం మీ వంటింట్లోనే ఉంది. ఉలవలు! ఇంగ్లిష్ వాడు దానికి పేరే గుర్రపు గింజ అని పెట్టాడు. మెట్ట నేలలో, తక్కువ నీళ్లతో పండుతుంది, మాంసకృత్తులు ఎక్కువ. ఉడకబెట్టి గుగ్గిళ్లు చేసి, తోబ్రాలో పోసి గుర్రం మూతికి కట్టేవాళ్లు. తోబ్రా అంటే మూతికి తగిలించే దాణా సంచి. గింజ నేల మీద పోయకుండా, మట్టి తినకుండా. గింజలు పశువులకి పోతే, ఉడికించిన నీళ్లు మనకి ఉలవచారు అయింది. పెళ్లి భోజనంలో క్రీమ్ వేసి వడ్డిస్తున్న ఆ చారు పుట్టింది దాణా కుండలో. "గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు" అని సామెత ఊరికే రాలేదు. పని చేసినా చేయకపోయినా రోజూ తినే జంతువు అది.

సరే, లిస్టులో నా నంబర్ వన్ ఐటమ్‌కి వద్దాం. జీను కాదు, కళ్లెం కాదు. లాడం.

గుర్రం గిట్ట మన వేలి గోరు లాంటిది. పెరుగుతూనే ఉంటుంది, నెలకి సుమారు ఒక సెంటీమీటరుకు కాస్త తక్కువ. అడవిలో మెత్తని నేల మీద తిరిగే గుర్రానికి పెరిగినంత అరుగుతుంది, లెక్క సరిపోతుంది. మనిషి దాని మీద ఎక్కి, బరువులేసి, రాతి నేల మీద రోజంతా పరిగెత్తిస్తే పెరిగేదానికన్నా అరిగేది ఎక్కువ. అప్పుడు కుంటుతుంది. మన రామగిరి ఖిల్లా ఎక్కిన వాళ్లు ఆ దారి గుర్తు తెచ్చుకోండి. బూట్లేసుకున్న మనకే పాదాలు మండుతాయి. అట్లాంటి రాళ్ల మీద సిపాయిని, కత్తిని, కవచాన్ని మోస్తూ ఎక్కాలి.

లాడం కొట్టడం చూసిన వాళ్లు మనలో ఉన్నారు, గుర్రాలకి కాకపోయినా ఎడ్లకి. అంగట్లో ఎద్దుని తాళ్లతో పడేసి, కాళ్లు కట్టి కొడతారు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి లాడం కూడా రెండు ముక్కలు. గుర్రానిది ఒకే గిట్ట, ఒకే వంపు లాడం. గుర్రాన్ని పడేయరు. నిలబెట్టి, ఒక్కో కాలూ ఎత్తి, పాత లాడం తీసి, పెరిగిన గిట్ట కోసి, చదును చేసి, ఇనుముని గిట్ట ఆకారానికి వంచి, అప్పుడు మేకులు. మేకు గిట్ట అంచులో, నొప్పి తెలియని భాగంలోంచే పైకి రావాలి. ఒక్క రవ్వంత లోపలికి పోతే గుర్రం కుంటిదైపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒకసారి మళ్లీ మొత్తం పని. అంటే లాడం కొనే వస్తువు కంటే ఎక్కువ, సబ్‌స్క్రిప్షన్. ఇనుము మనకి కొత్తా? మన జగిత్యాల, నిర్మల్ వైపు ఉక్కు డమాస్కస్ కత్తుల దాకా పోయిందని చెప్పుకుంటాం. లోహం మన దగ్గర దండిగా ఉంది. లేనిది ఆ మేకు కొట్టే చెయ్యి.

ఆ చెయ్యి ఉన్నవాణ్ని తర్వాతి కాలంలో నాల్‌బంద్ అన్నారు. నాల్ అంటే అరబ్బీలో లాడం. దక్కన్‌లో, మరాఠాల కాలంలో నాల్‌బందీ అని ఒక పద్దు కూడా ఉండేది. సైన్యంలో చేరే రౌతుకి గుర్రం లాడాల పేరుతో ముందుగా ఇచ్చే సొమ్ము. అదే పేరుతో వసూళ్లూ జరిగాయి. జీతం కన్నా ముందు లాడం ఖర్చు! అనుభవం మీద నేర్చుకున్న బడ్జెట్ అది.

ఇప్పుడు రికాబు. జీనుకి రెండు పక్కలా వేలాడుతూ కాలు పెట్టుకునే ఇనప కడియం. దీని కథ కోసం మన ఇంటి పక్కకే రావాలి. గోదావరి ఒడ్డున కోటిలింగాల తెలుసు కదా, జగిత్యాల జిల్లా, ఎల్లంపల్లి బ్యాక్‌వాటర్ పక్కన. తొలి శాతవాహనుల నాణేలు అక్కడ దొరికాయి. ఆ శాతవాహనుల్లో శాతకర్ణి అనే రాజు శిల్పుల మేస్త్రి ఒకాయన సాంచి స్తూపం దక్షిణ తోరణం మీద తన పేరు చెక్కించుకున్నాడు, ఆనందుడు అని. ఆ సాంచి శిల్పాల్లోనే ప్రపంచంలో బాగా పాత రికాబు ఆనవాళ్లలో ఒకటి కనిపిస్తుంది. ఇనుముది కాదు, చిన్న తాడు ఉచ్చు. కాలి బొటనవేలు మాత్రం దూర్చుకోవడానికి.

ఎందుకు బొటనవేలు? ఎందుకంటే మనవాళ్లు చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్లు. వేడి దేశం, ఒట్టి కాళ్లు. చలి దేశాల్లో బూటు వేసుకున్నవాడికి అది పనికిరాదు. బూటుకి సరిపడా గట్టి రికాబు, రెండు పక్కలా జంటగా, 4వ శతాబ్దం నాటి చైనాలో కనిపిస్తుంది. అక్కడి నుంచి గుర్రాల మీద బతికే జాతుల చేతుల్లో పడమరకి పోయింది. రికాబుల మీద లేచి నిలబడితే రెండు చేతులూ ఖాళీ. వెనక్కి తిరిగి బాణం వేయొచ్చు, ఈటె పోటుకి కింద పడకుండా ఆగొచ్చు. పాత తెలుగులో రికాబుకి అంకవన్నె అని మంచి మాట ఉంది, బ్రౌన్ నిఘంటువులో చూడొచ్చు. జీనుకి పల్లనం. ఆ రెండు మాటలూ పోయి పర్షియన్ నుంచి వచ్చిన రికాబు, జీను మిగిలాయి. గుర్రాన్ని చూసుకునే సాయీసు మాట కూడా ఆ దారిలోనే వచ్చింది. సామాను ఎవరి దగ్గర నుంచి వస్తే పేరు కూడా వాళ్ల దగ్గర నుంచే వస్తుంది. మనం మౌస్‌ని ఎలుక అనం కదా.

జీను గురించి ఒక్క మాట చాలు. దాని పని రౌతుకి సుఖంగా ఉండటం అనుకుంటారు అందరూ. అసలు పని గుర్రం వెన్నెముక మీద బరువు పడకుండా రెండు పక్కల కండల మీద పంచడం. కింద ఉన్ని గుడ్డ చెమట పీల్చాలి. కొలత సరిపోని జీను మూడు రోజుల్లో పుండు చేస్తుంది.

ఓరుగల్లుకి తిరిగొద్దాం. ఢిల్లీ సుల్తానుల్ని మన దక్కన్ వాళ్లు అశ్వపతులు అని పిలిచారు. గుర్రాల దొరలు. ఒడిశా రాజులు గజపతులు, విజయనగర రాజులు నరపతులు. ఎవరి బలం ఏంటో పేరులోనే ఉంది. మాలిక్ కాఫుర్ సైన్యం ఉత్తరం నుంచి వచ్చింది. దారిలో ముట్టడించిన కోట మన సిర్పూరే అని చరిత్రకారులు గుర్తించారు. అంటే ఇప్పటి కోల్ బెల్ట్ పై కొస నుంచే ఆ గుర్రాలు దిగాయి. 1310లో ఓరుగల్లు కోట చుట్టూ నెలకు పైగా ముట్టడి, చివరికి ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నాడు. అప్పుడు ఇచ్చినవాటిలో 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఉన్నాయని బరనీ రాశాడు. మధ్యయుగం లెక్కలు కాస్త ఉప్పేసి తినాలి. కానీ సగం నిజమనుకున్నా, సముద్రం దాటించి బంగారం పోసి కొన్న మందలు ఒక్క సంతకంతో వెళ్లిపోయాయి. అప్పటికే గుర్రాల దొర అయినవాడి దగ్గరికి.

ఈ పాఠం విజయనగరానికి బాగా ఎక్కింది. ఇక్కడే మన తోకల రాజు వస్తాడు. సాళువ నరసింహుడు, 15వ శతాబ్దం చివర. ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు ఆయన 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉండి రాశాడు. ఆయనా గుర్రాల వ్యాపారే, కాబట్టి రేట్లు బాగా తెలిసినవాడు. సాళువ నరసింహుడు హొర్ముజ్, ఏడెన్ నుంచి గుర్రాలు తెప్పించి, వెయ్యి పర్దావులకి మూడు చొప్పున, బతికున్నా చచ్చినా కొనేవాడట. సముద్రంలో చచ్చినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నట్టే డబ్బు. పర్దావు అంటే బంగారు నాణెం.

పిచ్చితనం అనిపిస్తుంది. నాకు మాత్రం తెలివిగానే కనిపిస్తుంది. వర్తకుడికి సముద్రం భయం తీసేశాడు. గణపతిదేవుడు ఓడ పగిలినా సరుకు నీదే అన్నాడు. ఈయన ఇంకో అడుగు వేసి గుర్రం చచ్చినా డబ్బు నీదే అన్నాడు. మంచి గుర్రం పక్క రాజు రేవుకి పోకూడదు, అంతే లెక్క. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పేటప్పుడు కూడా రేవులు బాగు చేసి, గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకుల్ని మర్యాదగా చూడమంటాడు, అవి శత్రువుకి చేరకుండా.

అయితే నూనిజ్ రాసిన ఇంకో లెక్కని ఎవరూ రీల్ చేయరు. రాజు ఏడాదికి 13,000 గుర్రాలు కొంటాడు అనే అంకె అందరూ చెబుతారు. అదే మనిషి రాజు జీతాల పట్టీ కూడా రాశాడు. గుర్రాల్ని చూసుకునే సాయీసులు 1,600 మంది. గుర్రాలకి తర్ఫీదు ఇచ్చేవాళ్లు 300 మంది. ఇక కమ్మరులు, వడ్రంగులు, రాతిపని వాళ్లు, చాకళ్లు కలిపి 2,000. మార్కో పోలో "పనివాడే లేడు" అన్న కాలం నుంచి సుమారు 240 ఏళ్లు. దక్కన్ అప్పటికి గుర్రంతో పాటు చేతుల్ని కూడా జీతానికి పెట్టుకోవడం నేర్చుకుంది. ఆ 1,600 మందిలో ఒక్కడి పేరూ మనకి తెలియదు. గుర్రాల మీద కూర్చున్న వాళ్ల పేర్లు వీధులకి పెట్టుకున్నాం.

తర్వాత కథ మీకు తెలిసిందే. తుపాకి వచ్చింది, రైలు వచ్చింది. 1918లో పాలస్తీనాలో హైఫా దగ్గర పోరాడిన అశ్వదళ బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూరు వాళ్లతో పాటు మన హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు. మన దగ్గర అశ్వదళం చివరి రోజులవి. ఇక మిగిలింది మలక్‌పేట రేసులు, పెళ్లి ఊరేగింపులు.

మన బొగ్గు సంగతి రాకుండా ఎపిసోడ్ ఎట్లా అవుతుంది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది. ఆ సమయానికి బ్రిటన్ గనుల్లో వేల గుర్రాలు భూమి కింద పని చేస్తున్నాయి. 1842 చట్టం ఆడవాళ్లని, పదేళ్ల లోపు మగపిల్లల్ని గని లోపలికి పంపొద్దంది. వాళ్లు లాగే బండ్లని చాలా చోట్ల పొట్టి గుర్రాలకి కట్టారు. 1913 నాటికి సుమారు 70,000. లోతు గనుల్లో వాటి కొట్టాలు కూడా కిందే. ఏడాదికి ఒకసారి గని సెలవులకి పైకి తెస్తే వెలుతురు చూసేవి. వాటి సామాను చూస్తే బాధేస్తుంది. తలకి మందపాటి తోలు టోపీ, కళ్ల చుట్టూ కాపు. పైకప్పు తగలకుండా. మన వాళ్ల హెల్మెట్ లాంటిదే. 1887 చట్టంలో మొదటిసారి గని గుర్రాలకి కొంచెం రక్షణ వచ్చింది, 1911 చట్టం దాన్ని పెంచింది. చివరి గుర్రాలు 1990లలో పైకొచ్చాయి.

మన దగ్గర టబ్బులు నింపింది కోల్ ఫిల్లర్లు, లాగింది హాలేజీ తాడు. ఆ హాలేజీ మోటారు మీద అతికించిన ప్లేటు మీద హెచ్‌పీ అని ఉంటుంది చూడండి, హార్స్ పవర్. జేమ్స్ వాట్ తన ఆవిరి ఇంజన్ అమ్ముకోవడానికి "ఇది ఇన్ని గుర్రాల పని చేస్తుంది" అని లెక్క కట్టిన మాట అది. 746 వాట్లు. బీటెక్‌లో ఎన్నిసార్లు రాశామో. ఆ లెక్కలో గుర్రం తినదు, గిట్ట అరగదు.

ఇక ఇప్పటి షాపింగ్. మీలో ఎవరైనా హైదరాబాద్‌లో రైడింగ్ క్లాసుకి పోతుంటే, మొదట హెల్మెట్, గుర్రపు స్వారీకి చేసినదే, బైక్‌ది కాదు. తర్వాత చిన్న మడమ ఉన్న బూట్లు, పాదం రికాబులోంచి ముందుకి జారి ఇరుక్కోకుండా. పడ్డప్పుడు కాలు ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది, ప్రాణాలు పోయేది అక్కడే. జీను ఇప్పుడే కొనకండి, అది గుర్రం కొలతకి ఉండాలి, మీ కొలతకి కాదు. కొనే రోజు వస్తే విదేశీ పేరు కోసం వెతకక్కర్లేదు. బ్రిటిష్ వాళ్లు 1860ల్లో సైన్యం కోసం కాన్పూర్‌లో జీన్ల ఫ్యాక్టరీ పెట్టారు. ఇప్పుడు కాన్పూర్ జీన్లకి జీఐ ట్యాగ్ ఉంది, యూరప్ వాడి గుర్రం మీద కూడా మన తోలే. గుర్రాల కోసం ప్రపంచమంతా చెయ్యి చాచిన దేశం ఇప్పుడు జీన్లు అమ్ముతోంది.

మనలో ఎక్కువ మంది క్లాసుకి పోరు, కానీ బరాత్‌కి గుర్రం బుక్ చేస్తారు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఫోన్ లైట్ వేసి చూడండి. నోటి మూలల్లో పుండ్లు ఉన్నాయా? గుర్రం నోట్లో ముందు పళ్లకి, దవడ పళ్లకి మధ్య ఖాళీ చిగురు ఉంటుంది, కళ్లెం కూర్చునేది అక్కడ. కొందరు అదుపు కోసం ముళ్ల కళ్లెం పెడతారు. 1965 నాటి కేంద్ర నిబంధనలు ముళ్లున్న కళ్లేన్ని నిషేధించాయి, అరవై ఏళ్లు అయినా బజార్లో దొరుకుతుంది. జీను ఎత్తి వీపు చూపించమనండి. కాలు ఎత్తించి లాడం చూడండి, అరిగి నున్నగా అయితే సీసీ రోడ్డు మీద జారుతుంది, పైన పెళ్లికొడుకు ఉంటాడు. డీజే బాక్సు గుర్రం చెవి పక్కన పెట్టొద్దని మీ దోస్తులకి చెప్పండి.

ఇంకో సంగతి. అవే నిబంధనల్లో, బండి లాగే జంతువుల్ని 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించొద్దు అని ఉంది. బరాత్ గుర్రం బండి లాగదు, నిజమే. కానీ మన రామగుండంలో ఏప్రిల్, మే ఎట్లుంటుందో మీకు నేను చెప్పాలా? 45 దాకా పోతుంది. ముహూర్తం పగటిపూట ఉంటే గుర్రం వద్దు, కారు చాలు. సాయంత్రం అయితే ఫంక్షన్ హాల్ గేటు దగ్గర ఒక బకెట్ నీళ్లు పెట్టించండి. గుర్రం తెచ్చిన సాయీసుకి కూడా ఒక ప్లేటు భోజనం, ఆయన పేరు అడిగి పెట్టండి.

మీ ఇంట్లో, మీ తాతల ఊళ్లో పాత లాడాలు, రికాబులు, గంటల పట్టెడలు ఉంటే ఫొటోలు పంపండి. గుమ్మానికి మేకు కొట్టిన లాడం అయినా సరే. దాన్ని ఎవరు కొట్టారో, ఏ ఊరి కమ్మరో, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఆ మాట కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా.